బొంత మీద కనబడిన గుర్తు

కెలమంగలంలో ఉండే మా అత్తమ్మ పాత చీరలతో బొంతలు కుడుతుంది. మా ఆఫీసులో పనిచేసే జర్మనీ అమ్మాయి లీనాకు కడుపుతో ఉందని తెలిసి, బిడ్డకని ఒకటి కుట్టి పంపింది. ఈ రోజు హోసూరులో, ఆఫీసు టేబుల్ మీద దాన్ని పరిచాను. లీనా నవ్వు ఆగిపోయింది.

"మా అమ్మమ్మ ఇంటివాళ్లందరినీ చంపినవాళ్ల జెండా ఇది" అంది.

అప్పుడు చూశాను. ఎర్ర చీర, మధ్యలో తెల్ల గుడ్డ, దాని మీద మధ్యలో కలిసి కొసల్లో వంగిన నాలుగు నల్ల ముక్కలు. అచ్చం హిట్లర్ గుర్తు! మన స్వస్తిక్ వేరని చెప్పబోయి మానుకున్నాను. వెంటనే అత్తమ్మకు ఫోన్ చేశాను.

"అయ్యో, బిడ్డకి గాలి వస్తాదని ఫ్యాను రెక్కలు కుట్టినానమ్మా! ఈడికి ఎత్తుకొని రా, విప్పేస్తాను."

ఆ మాట చెబితే లీనా ఏడ్చింది. సాయంత్రం తనూ నాతో కెలమంగలం వచ్చింది. మొదటి కుట్టు తనే కత్తిరించింది. ఆ చోట ఏనుగు బొమ్మ కావాలని అడిగింది.

"ఏనుగులు మా రాగి చేను తొక్కేది చాలదాప్పా, బొంతలో కూడానా?" అంటూనే అత్తమ్మ సూదిలో దారం ఎక్కించింది.

ఆ బొంతను వారం రోజులు మా ఇంట్లో పెట్టుకుని కూడా నేను గమనించలేదు. మీరైతే గుర్తుపట్టేవాళ్లా?