రాజమోహన్ మావయ్య నాలిక

మా రాజమోహన్ మావయ్యకు ఒకటే జబ్బు: ఏ తీపి పెట్టినా "నిన్నటంత లేదు" అంటాడు. పెళ్లినాడు అత్త తినిపించిన పాయసానికీ ఆ మాటే అన్నాడట. ముందురోజు ఎవరి పాయసం తిన్నాడో చెప్పమని ఆవిడ ఇప్పటికీ అడుగుతూనే ఉంది.

రంగూన్‌లో ఎండలు ముదిరితే మావయ్య పొద్దున్నే పజుండౌంగ్ సందులో సన్యాసమ్మ దగ్గర హాజరు. ఆమె ఊరి బయటి తోపుల నుంచి తియ్యటి తాటిరసం బస్సులో తెచ్చి అమ్ముతుంది. మావయ్య గ్లాసెత్తి, చప్పరించి, కళ్లు మూసుకుని తీర్పు చెబుతాడు.

"చలిరాత్రి దిగిన రసం తేనె. ఉక్కరాత్రి దిగింది నీళ్లు. సీజను చివర్న దిగింది ఆఫీసు టీ!"

"మరెందుకు తాగుతావు బాబూ?" అంటుంది సన్యాసమ్మ.

"తాగకపోతే రేపటికి తేడా ఎలాగ తెలుస్తాది?"

మొన్న మేలో మా వీధి సంఘం, వీధిలోని పెద్దలకు తాటిరసం పొయ్యాలని ఒక మీటింగులో తీర్మానించింది. ఆ మీటింగు తేదీ కోసం అంతకుముందు ఇంకో మీటింగు. రసం సన్యాసమ్మే తేవాలి. తీరా ఆ రోజు బస్సు దారిలో చెడిపోయింది. మిట్టమధ్యాహ్నం కుండ దిగేసరికి పైన నురగ పొంగుతోంది.

సంఘం సెక్రటరీ లింగరాజును బర్మా మర్యాదగా "ఊ లింగరాజు" అనకపోతే పలకడు. ఆయన కుండలోకి వంగి వాసన చూశాడు.

"పులిసిపోనాది! రేపట్నించి ఈ సందులో నీ కుండ దించితే సూడు!"

సన్యాసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "రాజమోహన్‌ని రుచి చూడమనండి" అన్నారెవరో. ఒక్క తీపినీ మెచ్చని మనిషి! ఆమె పని అయిపోయిందనుకున్నాను.

మావయ్య గ్లాసు నింపి గటగటా తాగాడు. ముఖం నిమ్మతొక్కలా ముడుచుకుంది.

"అబ్బ! ఏటి తీపి!"

అందరూ నోళ్లు తెరిచారు. లింగరాజు గ్లాసు అందుకోబోయాడు.

"ఆగవయ్యా ఊ లింగరాజూ! నీకు సుగరు. ఇంత తీపి తగిల్తే పోతావు!"

షుగరున్న పెద్దలంతా వెనక్కి తగ్గారు. అంటే, పెద్దలంతా. సంఘం అప్పటికప్పుడు అత్యవసర మీటింగు పెట్టి, రుచి చూడని రసానికి సన్యాసమ్మను అభినందించి శాలువా కప్పింది. ఈలోగా మావయ్య కుండ పక్కన చతికిలబడి మొత్తం ఖాళీ చేశాడు.

నా భుజం పట్టుకుని పాడుకుంటూ ఇల్లు చేరాడు. గుమ్మంలో అత్త వాసన పసిగట్టింది. నేను సంగతంతా చెప్పాను. ఆవిడ నవ్వు దాచుకుంటూ మజ్జిగ అందించింది.

"ఆయమ్మ కోసం అబద్ధం ఆడినావు, బాగుంది. గ్లాసుతో ఆపొచ్చు గదా?"

"ఎలాగ ఆపుతానే? నిజం కుండలో మిగిలిపోతాది గదా!"