ఆఖరి పేజీ చెప్పేశాను

గత వేసవిలో మా నూజివీడులో ఒక కథా రచయిత గారి కొత్త నవల ఆవిష్కరణ జరిగింది. ఆయన చాలాకాలం ఒక వారపత్రికకి సంపాదకులుగా కూడా పనిచేశారు. నేను మామిడికాయలు ప్యాక్ చేసే పనివాణ్ణి. పదితో చదువు ఆగినా, లైబ్రరీలో ఆయన పుస్తకాలన్నీ చదివాను. అందుకే లైబ్రేరియన్ గారు కొత్త నవల నాకు ముందే ఇచ్చి, సభలో ఆయన్నీ పుస్తకాన్నీ పరిచయం చేయమన్నారు. ఆ రోజు పొద్దుటి నుంచీ ఒక్కచోట కాలు నిలవలేదు.

మైకు ముందు ఆయన తొలి కథ నుంచి సంపాదకత్వం దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆ ఊపులో, "తోటకి నిప్పు పెట్టింది సొంత తమ్ముడేనని ఆఖర్లో తెలిశాక ఏడుపాగలేదండీ!" అనేశాను.

ముందు వరసలోంచి మా మేస్త్రి, "ఇంకెందుకు కొనడం? కథంతా చెప్పేశావుగా!" అని అరిచాడు. అందరూ నవ్వారు. అమ్మకానికి పేర్చిన పుస్తకాల వైపు చూడలేక, వేదిక దిగి పారిపోదామనుకున్నాను.

రచయిత గారు మైకు అందుకున్నారు. "ఎడిటర్‌గా ఎందరి కథల ముగింపులనో కోసేశాను. ఇవాళ నా వంతు వచ్చింది. అయినా, తియ్యగా ఉంటాయని తెలిసే కదండీ ఏటా రసాలు కొంటారు?"

చప్పట్లు మోగాయి. మేస్త్రి కూడా ఒక పుస్తకం కొన్నాడు.

ఇప్పటికీ ఎవరికైనా కథ చెబుతుంటే, ఆఖరి పేజీ దగ్గరకొచ్చేసరికి ఆగిపోతాను. "మీరే చదవండి" అనేస్తాను.