లింగంపల్లిలో సుభద్రక్క

మొన్న రాయదుర్గం మెట్రో మెట్లు దిగుతుంటే ఎక్కడి నుంచో అప్పుడే మరపట్టిన కాఫీ గింజల వాసన వచ్చింది. చుట్టూ అద్దాల ఆఫీసులు, ఆటోల అరుపులు. నా మనసు మాత్రం లింగంపల్లిలో మా ఇంటి వెనక గదికి వెళ్లిపోయింది. మేము చాయ్ తాగే మనుషులం. ఆ వాసన మా ఇంటికి సుభద్రక్కతోనే వచ్చింది.

ఆమెది గుంటూరు వైపు. భర్తకు ఇక్కడి ఫ్యాక్టరీలో ఉద్యోగం కావడంతో మా వెనక గదుల్లో కిరాయికి దిగారు. పెళ్లికి ముందు కొన్నాళ్లు ప్లీడరుగా పనిచేసిందట. నేను డిగ్రీ చివరి ఏడాదిలో ఉండి, లా కాలేజీ ప్రవేశ పరీక్ష రాస్తానని చెప్పగానే, ఆమె ముఖం వెలిగిపోయింది. ఆ సాయంత్రం నుంచే చదువు మొదలైంది.

పాఠ్యభాగం ఇస్తే ముందు కింది ప్రశ్నలు చదవమనేది. ‘ఎప్పుడూ’, ‘అందరూ’ అనే మాటలున్న జవాబును ఒకటికి రెండుసార్లు అనుమానించమనేది. నాకు కష్టమనిపించినవి మాత్రం సూత్రమూ సంగతులూ ఇచ్చి తీర్పు అడిగే ప్రశ్నలు. ఒకరోజు రామయ్య ఎద్దు పక్క చేను మేసిన ప్రశ్న ఇచ్చింది. పశువు చేసిన నష్టానికి యజమానిదే బాధ్యత అన్నది సూత్రం. రామయ్య కడుపేద.

“పాపం, పేదోడు గదక్కా. ఇడిచిపెట్టాలె” అన్నాను.

“పేదవాడైతే బాధ్యత లేదని సూత్రంలో ఉందా?”

“లేదు.”

“మరెక్కడి నుంచి వచ్చింది?”

“నా మనసుల నుంచి.”

ఆమె నవ్వి నా జడ సర్దింది. “దాన్ని పారేయకే తల్లీ, పక్కన పెట్టుకో. జాలికి వేరే చోటుంటుంది. ముందు అడిగినదానికి జవాబు చెప్పు.”

పరీక్ష దగ్గర పడుతుండగా, ప్రత్యేక తెలంగాణ కోసం గొడవలు రేగాయి. కాలేజీలు మూతపడ్డాయి. ఉద్యోగం దొరక్క తిరుగుతున్న మా అన్నను చూస్తే నాకూ రక్తం ఉడికేది. ఆ కోపం నిజమైనదే. ఒక పొద్దున చిన్నాయన వచ్చి వాకిట్లోనే నాన్నతో గట్టిగా అన్నాడు: “ఆంధ్రోళ్లను ఇంట్ల పెట్టుకున్నవేందని ఊరంత అడుగుతున్నరన్నా. ఖాళీ చేయించు.”

వెనక గదిలో గిన్నెలు సర్దుతున్న చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి ట్రంకుపెట్టె లాగిన చప్పుడు వినిపించింది. నేను వాకిట్లోకి వచ్చి అడిగాను.

“చిన్నాయనా, అక్క ఏం తప్పు చేసింది?”

“ఆమె చేసిందని కాదు బిడ్డా. వాళ్లోళ్లు మన కొలువులు గుంజుకుంటున్నరు.”

“గా మాట నిజమే. నేను గూడ కాదంటలేను. గని ఖాళీ చేయమనేది ఈమెను. ఈమె ఏం చేసింది?”

నాన్న లేచి వెనక గుమ్మం దగ్గరకు వెళ్లాడు. “అమ్మా, సామాను ఇప్పుకోండ్రి. ఇల్లు నాది. మీరు ఫికర్ చేయకుండ్రి” అన్నాడు. సుభద్రక్క పెట్టె మూత మీద చెయ్యి వేసి అలాగే కూర్చుండిపోయింది. నేను వెళ్లి పక్కన కూర్చుంటే, నా చెయ్యి అందుకుని చాలాసేపు వదలలేదు.

గొడవలు చల్లారాక పరీక్ష జరిగింది. నాకు సీటు వచ్చింది. నేను చదువు ముగించేనాటికి, ఆమె మళ్లీ నల్లకోటు వేసుకుంది. ఒకసారి కోర్టులో ఎదురెదురుగా నిలబడ్డాం. ఆమే గెలిచింది. బయటికి వచ్చి, “బాగా వాదించావే” అంటూ తన పమిటతో నా నుదుటి చెమట తుడిచింది, చుట్టూ ప్లీడర్లు చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా.

ఆమె పోయి చాలాకాలమైంది. ఇప్పటికీ నా దగ్గరకు వచ్చినవాళ్లు “వాళ్లంతా అంతేనమ్మా” అంటూ మొదలుపెడితే, నా కలం కాగితం మీద ఆగిపోతుంది. ఆ ‘వాళ్ల’లో ఒక మనిషి పేరు చెప్పేదాకా ముందుకు కదలదు.