నేను పూడ్చిన చీటీ

నన్ను ఎవరైనా తెలివితక్కువోడంటే కోపం రాదు. నిజమే గదా! నా తెలివి వల్ల మా అక్క రామలక్ష్మమ్మ బతుకు ఏమయిందో చెప్తా, వినండి.

మాది బట్లహళ్ళి. అప్పటికి బావ పోయి మూడేండ్లు. ఏడేండ్ల కూతురు చెన్నమ్మే అక్కకు లోకం. అరవై ఒకటిలో, వానలకాలంలో బిడ్డకు జరమొస్తే, చింతామణిలో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి ఎత్తుకోని పోతిమి. ముందటేడు సర్కారు ఆసుపత్రిలో పెన్సిలిన్ సూది వేస్తే బిడ్డకు ఒళ్ళంతా దద్దులు లేచి, ఊపిరాడక చచ్చి బతికింది. ఆ సూది మళ్ళీ వేయకూడదని అక్కడి డాక్టరు ఇంగ్లీషులో చీటీ రాసిచ్చినాడు. అక్క ఆ చీటీ చూపించింది. "నాకు నేర్పిస్తావా?" అని ఈ ప్రైవేటు డాక్టరు దాన్ని చూడకుండానే ఆమె చేతిలో పెట్టేసి, అదే సూది వేసినాడు. అర్ధగంటలో బిడ్డ పాయె. అయ్యో, ఆ యాతన పగోళ్ళకు కూడా వద్దు!

అక్క వాళ్ళ అత్త అక్కయమ్మ ఏమన్నదో తెలుసా? "జరమొచ్చిన బిడ్డకు మజ్జిగన్నం పెట్టి నువ్వే చంపుకుంటివి." ఊరంతా అదే మాట. "నాకేమీ వద్దు తమ్ముడా నారాయణా. నేను చంపలేదని కోర్టులో ఒక్క మాట రావాల" అని అక్క ఏడిస్తే, రెండు నెలలకు లాయరు సుబ్బరాయప్ప దగ్గరికి పిలుచుకపోతిని.

ఆయన అంతా విన్నాడు. "దావా వేయొచ్చమ్మా. అయితే డాక్టరుదే తప్పని మనమే చూపించాల. ఆ చీటీ ఉంటే చాలు. యాడుండాది?"

మా దిక్కు ఎవరి బిడ్డనైనా పూడ్చేటప్పుడు చాప, గుడ్డలు, మందుసీసాలు ఏవీ ఇంట్లో మిగలనీయరు, జబ్బు నిలుస్తాదని భయం. అన్నీ మూటగట్టింది నేనే. మందు కాగితమే గదా అని చీటీ కూడా అందులోనే వేసి గుంతలో పెడితిని. థూ, నా చేతులు విరగ!

"సర్కారు ఆసుపత్రి పుస్తకం చూడండి" అన్నాడు లాయరు. పోయి చూస్తే బిడ్డ పేరు, పక్కన జరం అని మాత్రమే ఉండాది. చీటీ రాసిన డాక్టరు అప్పటికే చచ్చిపోయినాడు. చింతామణి డాక్టరు దగ్గరుండే కాంపౌండరు కాళ్ళు పట్టుకోని సాక్ష్యం చెప్పమంటే, "నా పిల్లోళ్ళ కడుపు కొట్టొద్దప్పా" అనె. గుంత తవ్వుదామంటే, అన్ని వానలకు కాగితం ఉంటాదా?

"సాక్ష్యం లేకుంటే దావా నిలవదమ్మా" అని లాయరు తలొంచుకున్నాడు.

బస్సు దిగి నడుస్తా, "నన్ను కొట్టక్కా" అంటిని. అక్క కొట్టలేదు, తిట్టలేదు. "చీటీ సంగతి ఊర్లో ఎత్తొద్దు. నిన్ను బతకనీరు" అన్నది.

ఇంటి ముందర అక్కయమ్మ, ఇరుగుపొరుగు ఆడోళ్ళు కాసుకోని ఉన్నారు.

"ఏమన్నాడే లాయరు?"

అక్క నా దిక్కు చూడలేదు. "తప్పు నాదే అన్నాడత్తా" అని చెప్పి లోపలికి పోయింది. అక్క బతికినన్నాళ్ళూ నేను నోరెత్తలేదు.