ములగచెట్టు లేని ములగచెట్టు గల్లీ

హిందీ మాట్లాడే ఈ బిర్సానగర్‌లో మా గల్లీ రెండు స్థానిక సంస్థల హద్దులో ఉంది. ఇప్పుడు ఆ రెండూ కలిసి ఒకే డిజిటల్ మ్యాప్ చేస్తున్నాయట. ఈ రోజు సర్వే ఆవిడ ట్యాబ్‌తో వచ్చి గల్లీ పేరు అడిగింది. పేరు లేకపోతే నంబరు వేసేస్తుందట.

"ములగచెట్టు గల్లీ," అంది అమ్మ.

ఆవిడ అటూ ఇటూ చూసింది. "పేడ్ కహా హై, మాజీ?" అని చెట్టెక్కడో హిందీలో అడిగింది.

అమ్మకు హిందీ వచ్చు, కోపం మాత్రం తెలుగులోనే వస్తుంది. "సెట్టు పడిపోతే పేరు కూడా పడిపోద్దేటి? దాని ములక్కాడలు తిన్నోలం ఉన్నాం కదా! సెప్పవే ఆవిడికి!"

నేను హిందీలో చెప్పాను. ఆవిడ నవ్వి, అదే పేరు ఎక్కించింది.

ఆ చెట్టు నా చిన్నప్పుడే గాలివానకు పడిపోయింది. ఇప్పటికీ ఆటోవాళ్లకు మేం చెప్పే గుర్తు అదే. పై ఆఫీసుల్లో ఆ పేరు ఉంచుతారో, తీసేస్తారో! స్క్రీన్ మీద చూడగానే నాకైతే ములక్కాడల పులుసు వాసన వచ్చింది.

మీ వీధిలో ఇప్పుడు లేకపోయినా ఇంకా దారి చూపిస్తున్నది ఏది?