పిన్ని గొంతు, మూగ బస్సు

మా పిన్ని బస్సు డ్రైవరు. పెళ్లికి ముందు నుంచీ అదే పని. నోరు మాత్రం బస్సు కంటే పెద్దది. మెట్టు మీద వేలాడేవాళ్లని "లోపలికి రండి నాయనా, సీట్లేమీ కరవవు" అంటుంది. దారికడ్డంగా ఫోను చూసుకునేవాళ్లని "ఆ ఫోనుక్కూడా టిక్కెట్టు తీశావా, అంత చోటిచ్చావు?" అని నిలదీస్తుంది. ఆ తిట్లు తిన్నవాళ్లే మర్నాడు రెండు బస్సులు వదిలేసి ఆమె బస్సు కోసం నిలబడతారు. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పలేరు. నేను చెబుతాను. దిగే ముసలివాళ్ల రెండో పాదం నేలకు ఆనేదాకా ఆమె అద్దంలోంచి చూపు తిప్పదు.

ఆమె నడిపిన పాత డీజిలు బస్సు దగ్గుల రోగి. మలుపు తిరక్కముందే దాని దగ్గు వీధి పొడవునా వినపడేది. ఆసుపత్రి స్టాపులో ఎక్కే సంగీతం మాస్టారికి ఆ దగ్గే ఆధారం. ఆయనకు చూపు లేదు. రూటు చివరి బడిలో పిల్లలకు పాట నేర్పుతారు.

"నీ బస్సు దగ్గగానే లేచి నిలబడతానమ్మా" అనేవారు ఎక్కుతూ.

"మీ పిల్లల పాట కంటే అదే నయం లెండి మాస్టారూ" అనేది పిన్ని.

ఆ బస్సులకు కాలం చెల్లింది. బ్యాటరీ బస్సులొచ్చాయి. డిపో పైకప్పు మొత్తం ఎండను కరెంటుగా మార్చే పలకలు పరిచారు. మధ్యాహ్నం బస్సులు తీగ తగిలించుకుని కడుపు నింపుకుంటాయి. సాయంత్రం ఊరంతా ఒక్కసారిగా దీపాలూ పొయ్యిలూ లిఫ్టులూ వాడే వేళకు, పని ముగించుకొచ్చిన బస్సులు తమలో మిగిలిన కరెంటును చుట్టుపక్కల భవనాలకు తిరిగి ఇస్తాయి. డిపో వెనకే ఉన్న మా ఆరంతస్తుల ఇంటికీ ఆ కరెంటే వచ్చింది. మోకాళ్లు అరిగిపోయిన బాబాయి లిఫ్టు లేకపోతే గడప దాటలేడు. ఇదివరకు సాయంత్రమైతే లిఫ్టు ఎప్పుడు ఆగుతుందోనని ఇంట్లోనే ఉండిపోయేవాడు. ఇప్పుడు దర్జాగా కిందికి దిగి నలుగురితో కబుర్లాడుతున్నాడు.

"పగలు నన్ను మోస్తుంది, సాయంత్రం నా మొగుణ్ణి మోస్తుంది. ఆ బస్సు నాకు కావాలే!" అంది పిన్ని నాతో.

కావాలంటే సరిపోదు. కొత్త బస్సు నడపాలంటే పరీక్ష నెగ్గాలి. నెగ్గకపోతే టిక్కెట్ల కౌంటర్లో కూర్చోవాలి. "నన్ను ఆ అద్దాల డబ్బాలో పెడితే పిచ్చెక్కి చస్తాను" అని పిన్ని అన్నప్పుడు నాకు నవ్వు రాలేదు. ఆమె అన్నంత పనీ చేస్తుందనిపించింది.

మొదటి పరీక్ష డిపో ఆవరణలో. గేటు దగ్గర నిలబడి నేనూ చూశాను. ట్రైనింగ్ మేడం పక్కన నిలబడింది. కొత్త బస్సులో క్లచ్ లేదు. అయినా పిన్ని ఎడమ కాలు ఊరుకోలేదు, దాని కోసం నేలను టపటపా తన్నింది. సరే, అది క్షమించారు. చివర్లో బస్సు ఆపి, చప్పుడేమీ లేదు కదా అని పిన్ని హాయిగా దిగిపోయింది. ఇన్నేళ్లుగా ఆమెకు తెలిసింది ఒక్కటే, చప్పుడు ఆగితే ఇంజను ఆగినట్టు. బస్సును పూర్తిగా ఆపేసే మీట నొక్కలేదు, చేతి బ్రేకు వేయలేదు. బస్సు పిల్లిలా జరిగి వెళ్లి, గోడ పక్కన పేర్చిన పాత టైర్లను పడగొట్టింది. చుట్టూ ఉన్న డ్రైవర్లు ఘొల్లున నవ్వారు. పిన్నికి తల తీసేసినట్టయింది. వాళ్లలో ఒక్కడు కూడా పిన్ని అంత నిదానంగా బస్సు నడపలేడు, నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇంకొక్క అవకాశం ఉందమ్మా" అంది మేడం. "ఈసారి మీ రూటులోనే, ప్రయాణికులతో."

ఆ రోజు నుంచి మా వంటగది బస్సయింది. పిన్ని స్టూలు మీద కూర్చుని, ఎడమ కాలిని పాత తువ్వాలుతో స్టూలు కోడుకు కట్టేసుకుని, పళ్లెం పట్టుకుని తిప్పేది. ఆపిన ప్రతిసారీ "బ్రేకు, మీట, చూడు, దిగు" అని పైకే అనుకునేది.

"కూర మాడుతోంది డ్రైవరుగారూ" అనేవాడు బాబాయి.

"స్టాపు ఇంకా రాలేదు, ఉండండి."

పొద్దున మంచం దిగుతూ కూడా "మీట, చూడు, దిగు" అంటుంటే నేనూరుకోలేక, "మంచం కదలదులే పిన్నీ" అన్నాను.

"నోర్ముయ్యవే. ఆ బస్సు కూడా కదలదనే అనుకున్నాను."

రెండో పరీక్ష రోజున నేను పనిచేసే కుట్టు షాపుకి సెలవు పెట్టి నేనూ ఎక్కాను, వెనక సీట్లో కూర్చున్నాను. నా పిన్ని అని చెప్పడం కాదు గానీ, ఏం నడిపింది! ఈ బస్సు వేగం తగ్గేటప్పుడు ఆ ఊపునే కరెంటుగా మార్చి దాచుకుంటుంది. అది తెలిసిన దగ్గర్నుంచీ స్టాపు దూరంగా కనపడగానే పిన్ని ఆక్సిలరేటరు మీంచి మెల్లగా కాలు తీసేయడం నేర్చుకుంది. నిలబడ్డవాళ్లలో ఒక్కరూ తూలలేదు. మేడం ముఖం విప్పారింది. ఇక గట్టెక్కినట్టే అనుకున్నాను.

ఆసుపత్రి స్టాపు వచ్చింది. మాస్టారు నిలబడి ఉన్నారు. బస్సు ఆయన ముందే ఆగి తలుపు తెరిచింది. ఆయన మాత్రం మలుపు వైపే చెవి పెట్టి ఆ దగ్గు కోసం చూస్తున్నారు. పక్కన నీళ్ల లారీ ఒకటి రొద పెడుతోంది. "మాస్టారూ!" అని పిన్ని అరిచింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆమె నోరు ఓడిపోయింది. ఆసుపత్రి దగ్గర హారను కొట్టకూడదు, కొడితే పరీక్ష పోయినట్టే. కొట్టకపోతే ఆయన్ని వదిలేసి పోవాలి.

నేను జనాన్ని తోసుకుని ముందుకు వచ్చేలోపే పిన్ని సీట్లోంచి లేచి దిగిపోయింది. టైర్లు కళ్ల ముందు కదిలాయి. మేడం కూడా ఒక్క గెంతులో మీట దగ్గరికి వెళ్లి, చెయ్యి పెట్టబోయి ఆగింది. మీట నొక్కే ఉంది. చేతి బ్రేకు వేసే ఉంది.

పిన్ని మాస్టారి చెయ్యి పట్టుకుంది. "ఎదురుగా ఇంత బస్సు పెట్టుకుని ఎక్కడ వింటున్నారండీ?"

"బస్సేదమ్మా?" ఆయన చెయ్యి చాపి బస్సు ఒంటిని తడిమారు. "ఇది బతికే ఉందా?"

"నా బస్సు మూగదైపోయింది మాస్టారూ" అంది పిన్ని. పిన్ని కళ్లల్లో నీళ్లు చూడటం నాకదే మొదలు.

డిపోకి చేరాక మేడం అడిగింది, "ప్రయాణికులుండగా బస్సు నడిపేవాళ్లు సీటు వదలకూడదు, తెలుసుగా?"

"తెలుసు మేడం. అందుకే ఆపేసి దిగాను."

"చూశాను. నెగ్గారు." కాగితం మీద సంతకం పెడుతూ అంది, "కానీ రోజూ మీరు దిగి పిలవలేరు. బస్సే పిలవాలి. మీ గొంతు ఇస్తారా?"

ఇప్పుడు ఊళ్లో ప్రతి బ్యాటరీ బస్సూ స్టాపులో ఆగగానే తలుపు పక్కనున్న స్పీకర్లోంచి పిన్ని గొంతే వస్తుంది. రూటు చెప్పి, "బస్సు వచ్చిందండీ, నెమ్మదిగా ఎక్కండి" అంటుంది. తిట్లు లేకుండా ఆ ఒక్క ముక్క చెప్పించడానికి వాళ్లు తిప్పలు పడ్డారట. అది విని బాబాయి, "నాతో ఏనాడైనా ఇంత మెత్తగా మాట్లాడావా?" అని నిష్ఠూరమాడాడు.

చిక్కల్లా మాస్టారికే వచ్చింది. ఒకరోజు ఆ గొంతు విని ఎక్కి, "బాగున్నావా అమ్మా" అని పలకరిస్తే, "బాగున్నానండీ" అని బొంగురుగా ఒక మీసాల డ్రైవరు పలికాడట. అప్పటి నుంచీ ఆయన తలుపు దగ్గర ఆగి అడుగుతారు. మొన్న నేనూ విన్నాను.

"బస్సు వచ్చిందండీ, నెమ్మదిగా ఎక్కండి" అంది స్పీకరు.

"నువ్వా అమ్మా, నీ గొంతా?" అన్నారు మాస్టారు.

"ఎక్కుతారా, అక్కడే నిలబడి కచేరీ పెడతారా?" అని లోపల్నుంచి కేక.

"నువ్వే" అని నవ్వుకుంటూ మాస్టారు మెట్టెక్కారు. ఆయన సీట్లో కుదురుకునేదాకా పిన్ని అద్దంలోంచి చూపు తిప్పలేదు.