స్తోత్రం మెకానిక్ పొడుగు ప్రార్థన

కుట్టుమెషిను సూది చూపుడువేలి గోట్లో దిగబడినా నోట బూతు రాకుండా "స్తోత్రం!" అని అరవగలగడం ఆయన భక్తిజీవితంలో మొదటి విజయం. అది ఊరికే రాలేదు. బాప్తిస్మం పుచ్చుకుని ఏళ్ళు గడిచినా, మెషిన్లు బాగుచేసే ఆ ఇరుకు కొట్లో బెల్టు తెగితే చాలు, ఆయన నోటికి జడిసి కుక్కలు కూడా పక్క సందులోకి తప్పుకునేవి. అలాంటి నోరు! నిజం చెప్పాలంటే ఆ రోజు కూడా బూతులో మొదటి అక్షరం బయటపడింది, మిగతాది మింగేశాడు. సంఘంలో సాక్ష్యం చెప్పేటప్పుడు మాత్రం ఆ అక్షరాన్నీ మింగేసేవాడు. స్తోత్రం మెకానిక్ అన్న పేరు అలా పడిందే.

"సూది మీకు దిగింది ఒక్కసారి. మా చెవుల్లో ప్రతి ఆదివారం దిగుతోంది," అనేది భార్య.

తర్వాతి విజయాలు కోకొల్లలు. చర్చి గంట తాడు ఆయన చేతికొచ్చింది. జ్వరమొచ్చినా వానొచ్చినా గంట ఆగలేదు. ఉపవాసాలున్నాడు, వీధి వీధికీ తెలిసేలా ఉన్నాడు. ఇక ప్రార్థనంటారా, ఆయన కళ్ళు మూసుకుంటే పిల్లలు ఒక కునుకు తీసి లేచేవారు.

ఇలా ఉండగా, పొరుగూళ్ళో ఒంటరిగా ఉంటున్న అక్క జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. తల్లి పోయాక ఆయన్ని సాకింది ఆవిడే.

"వెళ్ళి దగ్గరుండి చూసుకోరాదూ?" అంది భార్య.

"నేనెళ్తే గంటెవరు కొడతారే? దేవుడి పని గాలికొదిలేయనా? రోజూ ఫోన్లో ప్రార్థన చేస్తున్నాగా!"

చేస్తూనే ఉన్నాడు. ఒక సాయంత్రం నూనెడబ్బా పక్కకు జరిపి, కళ్ళు మూసుకుని, ఫోన్లో సృష్టి మొదలుకుని అందుకున్నాడు. ఎర్ర సముద్రం దాటి అక్క చేతి ఎముక దగ్గరికి వస్తుండగా, అవతలినుంచి నీరసంగా వినబడింది.

"ఒరే తమ్ముడూ, తొందరగా ఆమెన్ అనరా. నాకు పనిచేసేది ఒక్క చెయ్యి. దాంతో ఫోను పట్టుకుంటే మంచినీళ్ళ గ్లాసు ఎట్లా అందుకోను?"

"దాహమేస్తే ముందే చెప్పొచ్చుగా అక్కా!"

"నువ్వు సందిస్తే కదా! నిన్నా ఇంతే. నువ్వు సముద్రం దాటేసరికి నా నాలుక పిడచకట్టుకుపోయింది."

ఆయన ఆమెన్ అనడమే మరిచిపోయాడు. తన గొంతు ఆకాశానికి అందిందో లేదో గాని, దానివల్ల అక్క గొంతు మాత్రం ఎండిపోయింది. ఎంత ఘనకార్యం!

అప్పటికప్పుడు పాస్టరుగారి గుమ్మం తొక్కాడు. "అయ్యగారూ, మా అక్క దగ్గరికి వెళ్ళాలి. ఆదివారం గంట..."

"గంటదేముంది, నేను లాగుతాను. మీరు ముందు బస్సెక్కండి."

ఆయన మనసు చివుక్కుమంది. ఎవరు లాగినా మోగే గంటనా ఇన్నాళ్ళూ తన భుజాల మీద మోశాననుకున్నది!

అక్క ఇంట్లో మొదట గ్లాసు ఆమె నోటికందించాడు. ఆమె చాలనేదాకా ఆగి, అప్పుడు కళ్ళు మూసుకున్నాడు. "ప్రభువా, మా అక్క చెయ్యి బాగుచెయ్యి. ఆమెన్."

అక్క ఒక కన్ను తెరిచింది. "అప్పుడే అయిపోయిందా? ఒంట్లో బాగానే ఉందట్రా నీకు?"

ఇప్పుడు వంటా, అంట్లూ ఆయనవే. జడ వేయడం మాత్రం పట్టుబడలేదు. దువ్వెన పడితే చాలు అక్క కేకలు వీధి చివరికి వినబడుతున్నాయి. ఇక్కడ కొట్లో మెషిన్లు ఇచ్చినవాళ్ళు వచ్చి అడిగితే భార్య ఒకటే మాట చెబుతోంది: వదిన చేతి కట్టు విప్పేది మార్చి తొమ్మిదిన, ఆ చేత్తో ఆవిడ గ్లాసెత్తడం చూసుకుని ఆయన తిరిగొచ్చేది మార్చి పదకొండున.